పాఠం చూడటం వేరు, పాఠం రావడం వేరు



ప్రతి పేరెంట్ మీటింగులోనూ మా టీచర్లు వినే మాట ఒకటుంది. "ఫోన్‌లో పాఠమంతా చూశాడండీ, అర్థమైందనే అన్నాడు. మరి స్లిప్ టెస్టులో మార్కులు రాలేదేమిటి?" అదే మీటింగులో ఇంకొకరు, "మా ఇంట్లో అసలు ఫోన్ ముట్టనివ్వమండీ" అంటారు. వేరొకరు, "ఇంత ఫీజు కడుతున్నాం కదా, క్లాసులో ట్యాబులు ఎప్పుడిస్తారు?" అని అడుగుతారు. ముగ్గురూ పిల్లల మేలు కోరే మాట్లాడుతున్నారు. కాని ముగ్గురి మాటల్లోనూ ఉన్నది ఫోనే. బిడ్డ ఏం చేస్తున్నాడన్న సంగతి ఎవరి మాటల్లోనూ లేదు.

అందుకే ఈ నెల ఒక ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. మీ అబ్బాయో అమ్మాయో తెర ముందు కూర్చున్నంతసేపు పని ఎవరు చేస్తున్నారు? తెరా, బిడ్డ బుర్రా? ఈ ఒక్కటి గమనించడం అలవాటైతే ఫోన్ ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు తీసి పక్కన పెట్టాలో మీకే తెలిసిపోతుంది.

మెరుపు, మన్నిక

చిలకలపూడి పేరు చెబితే రోల్డుగోల్డు నగలు గుర్తుకొస్తాయి. రాగి మీదో ఇత్తడి మీదో పలచటి బంగారు పూత. మన ఊళ్లో తయారైన గాజులు, గొలుసులు దేశమంతటికీ వెళుతున్నాయి. పోతేపల్లిలో ఈ పని కోసమే జ్యూయలరీ పార్కు ఉంది. కవరింగు నగలో మోసమేమీ లేదు. కొన్నవాళ్లకీ తెలుసు, అమ్మినవాళ్లకీ తెలుసు. చిక్కు ఎప్పుడొస్తుందంటే, దాన్ని బంగారమనుకుని తాకట్టు పెట్టడానికి తీసుకెళ్లినప్పుడు.

వీడియో పాఠం చూసిన బిడ్డ "అర్థమైంది" అనడంలోనూ అబద్ధం లేదు. చూస్తున్నప్పుడు నిజంగానే అర్థమవుతుంది. బాగా చెప్పే మాస్టారు, రంగుల బొమ్మలు, అడుగడుగునా సాఫీగా సాగిపోయే లెక్క. అయితే ఆ సాఫీతనం చెప్పేవారిది. దాన్ని బిడ్డ తనదనుకుంటాడు. పరీక్ష హాల్లో తెల్లకాగితం ముందు కూర్చున్నప్పుడు గాని పూత ఎంత మందాన పడిందో బయటపడదు.

దీనిమీద 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలు ఇచ్చి చదివించారు. ఒక విడత పాఠాన్ని మళ్లీ చదవమన్నారు. ఇంకో విడత పాఠం తీసేసి, గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినప్పుడే ఎక్కువ గుర్తుంది: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత పరీక్ష పెడితే లెక్క తిరగబడింది. మళ్లీ చదివినప్పుడు 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినప్పుడు 56 శాతం గుర్తుంది.

మన పిల్లలకు పరీక్షలు అయిదు నిమిషాల తర్వాత జరగవు. వారం తర్వాతో, మూడు నెలల తర్వాతో జరుగుతాయి. వీడియోను రెండోసారి చూడటం సుఖంగా ఉంటుంది. అది ఆపి, "ఇప్పుడు నాకేం గుర్తుంది?" అని రాయడం కష్టంగా ఉంటుంది. చదువు ఆ కష్టంలోనే ఉంది. కవరింగు పని నేర్చుకునే కుర్రాడిని చూడండి. పెద్దవాళ్ల పక్కన కూర్చుని చూసినన్నాళ్లూ అంతా తేలికగానే అనిపిస్తుంది. పాలిషింగుకు తను చేయి పెట్టి, నాలుగు నగలు పాడుచేసి, చీవాట్లు తిన్నాకే పని చేతికొస్తుంది.

తెర బాగా చేసే పని

అలాగని తెర పనికిరానిదని నేననను. కంటికి కనపడనిదాన్ని చూపించడంలో దానికి సాటిలేదు. గుండెలో కవాటాలు ఎలా తెరుచుకుంటాయో నల్లబల్ల మీద బొమ్మ గీసి గంటసేపు చెప్పినా అందనిది, అర నిమిషం వీడియోలో అందుతుంది.

మన జిల్లా పిల్లలకు ఇంకో మంచి ఉదాహరణ ఉంది. సోషల్ పుస్తకంలో "డెల్టా" అని పాఠం ఉంటుంది. ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి, పులిగడ్డ దగ్గర కృష్ణ ఎలా చీలుతుందో, ఆ పాయల నడుమ దివిసీమ ఎలా ఉందో, హంసలదీవి దగ్గర నీళ్లు సముద్రంలో ఎలా కలుస్తున్నాయో చూపించండి. తర్వాతి ఆదివారం మంగినపూడి బీచికి తీసుకెళ్లి, కాళ్లకు అంటుకునే ఆ నల్లమట్టి ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. పటంలో చూసింది, కాలికింద తగిలింది ఒకచోట కలిసినప్పుడు డెల్టా అన్న మాట బిడ్డకు ఇక మరుపురాదు.

కూచిపూడి నాట్యం నేర్చుకునే పిల్లల ఇళ్లలో కూడా ఇదే తెలుస్తుంది. వీడియో చూసి అడుగు గుర్తుచేసుకోవచ్చు. కాని మోకాలు తప్పుగా వంగిందని వీడియో చెప్పదు, గురువుగారు చెబుతారు. బిడ్డ తప్పును చూసి సరిదిద్దడానికి ఎదురుగా మనిషి ఉండాలి.

మన ఊరికి కొత్త కాదు

చదువు విషయంలో కొత్త సాధనం రావడం బందరుకు ఇది మొదటిసారి కాదు. 1902లో ఇక్కడి నుంచి కృష్ణాపత్రిక వెలువడింది. 1907 నుంచి 1945 దాకా ముట్నూరి కృష్ణారావుగారు దానికి సంపాదకులు. ఆ రోజుల్లో చదువు వచ్చినవాళ్లు తక్కువ. ఒకరు పత్రిక చదివితే పదిమంది వినేవారు. విన్నాక అరుగు మీద వాదించుకునేవారు. అచ్చులో వచ్చిన ప్రతి మాటనూ తలొగ్గి ఒప్పుకునేవారేం కాదు.

1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరివారు, పట్టాభి సీతారామయ్యగారు కలిసి ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాలను ప్రారంభించారు. పుస్తకాల చదువుతో పాటు చేతిపనులూ ఉండాలన్నది వారి పట్టుదల. చిత్రలేఖనం, నేత వంటివి అక్కడ చదువులో భాగం. జాతీయ పతాకం కోసం ఏళ్లపాటు శ్రమించిన పింగళి వెంకయ్యగారు అక్కడ ఉపాధ్యాయులు. చేతికి పని లేని చదువు తలలో నిలవదని నూరేళ్ల కిందటే మన ఊరి పెద్దలు గ్రహించారు.

1948లో విజయవాడ రేడియో కేంద్రం వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు ప్రసారమయ్యాయి. ఆ రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 2020లో బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు వచ్చాయి.

వీటన్నిటికీ ఫోన్‌కూ ఒక తేడా ఉంది. పత్రిక, రేడియో, పల్లెలో టీవీ, అన్నీ నలుగురి మధ్య ఉండేవి. ఒక కార్యక్రమం అయిపోతే అయిపోయేది. ఫోన్ అలా కాదు. బిడ్డ ఒక్కడే చూస్తాడు. ఒకటి అయ్యేసరికి ఇంకోటి తనంతట తానే మొదలవుతుంది. కిరణజన్య సంయోగక్రియ దగ్గర మొదలైంది, నలభై నిమిషాల తర్వాత క్రికెట్ రీల్స్ దగ్గర తేలుతుంది. ఇందులో బిడ్డ బుద్ధి తక్కువేమీ లేదు. చూసేవాడిని వదలకుండా పట్టుకోవడానికే దాన్ని అలా తయారుచేశారు. పెద్దలం మనమే ఆగలేకపోతున్నాం, పన్నెండేళ్లవాడు ఎలా ఆగుతాడు?

అసర్ సర్వే 2024లో గ్రామీణ భారతంలోని 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగింది. ముందు వారంలో ఫోన్‌ను చదువు కోసం వాడామన్నవారు 57 శాతం. సోషల్ మీడియా కోసం వాడామన్నవారు 76 శాతం. "చదువు కోసం కొన్నాం" అన్న ఫోన్ ఇంట్లో అసలు ఏం చేస్తోందో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

తుఫాను వార్త కూడా పాఠమే

వార్తను పరీక్షించడం నేర్పడానికి మన తీరంలోని బిడ్డకు తుఫాను కంటే పెద్ద పాఠం లేదు.

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరులో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమలో 10,000 మందికి పైగా చనిపోయారు. ఆనాడు సముద్రం పక్క పల్లెల్లో చాలామందికి ఉప్పెన సంగతి నీళ్లు మీదికొచ్చే దాకా తెలియలేదు. ఇప్పుడు బందరులోనే వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది. ఉపగ్రహ చిత్రాలు గంట గంటకీ వస్తున్నాయి. మన పెద్దలు వార్త అందక ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇప్పుడు వార్తలు ముంచెత్తుతున్నాయి, వాటిలో ఏది నిజమో తేల్చుకోవడం కష్టమైంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు, 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు మీ వాట్సాప్ గ్రూపులను గుర్తుచేసుకోండి. ఎప్పటివో, ఏ దేశానివో తెలియని అలల వీడియోలు, "ఈ రాత్రికే" అంటూ తేదీ లేని మెసేజీలు. అలాంటిది నమ్మితే అనవసరంగా బెదిరిపోతాం. అలాంటివి నాలుగు చూసి విసిగిపోయినవాడు అసలు హెచ్చరిక వచ్చినప్పుడు కూడా "ఇదీ అలాంటిదే" అనుకుంటాడు. ప్రమాదమంతా అక్కడే.

అందుకని ఈసారి వాయుగుండం వార్త రాగానే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరు చెప్పారు? ఏ రోజు, ఎన్ని గంటలకు చెప్పారు? వాతావరణ శాఖ బులెటిన్‌లో ఇదే ఉందా?

రేవులో ఎగరేసే హెచ్చరికల నంబర్లు కూడా నేర్పండి. 1, 2 అంటే తుఫాను ఇంకా దూరాన ఉంది. 3, 4 అంటే మన రేవుకే ముప్పు ఉండవచ్చు. 5, 6, 7 ప్రమాద హెచ్చరికలు. 8, 9, 10 అతి ప్రమాద హెచ్చరికలు. నంబరు పెరిగినకొద్దీ గాలి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పూర్తిగా అలా కాదు. 8కీ 9కీ 10కీ తీవ్రతలో తేడా లేదు. తుఫాను రేవుకు ఒక పక్కగా దాటుతుందా, రెండో పక్కగానా, రేవు మీదుగానో దగ్గరగానో దాటుతుందా అన్నదే తేడా. ఇక చివరిది 11. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. వార్త రాకపోవడం కూడా ఒక వార్తేనని ఆ నంబరు చెబుతుంది. ఇది తెలిసిన ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ రోజు ఇంట్లో పెద్దలకే ధైర్యం చెప్పగలదు.

తుఫాను మెసేజీని ఇలా పరీక్షించడం అలవాటైన బిడ్డ రేపు పరీక్ష పేపరు లీకయిందన్న మెసేజీని, లాటరీ లింకును, తోటి విద్యార్థి మీద పుట్టించిన పుకారును కూడా అలాగే పరీక్షిస్తుంది.

జవాబు చెప్పే యంత్రం

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. ఇప్పుడు అలాంటివి ప్రతి ఫోన్‌లోనూ ఉన్నాయి. వ్యాసం రాయమంటే రాస్తుంది, లెక్క చేయమంటే చేస్తుంది. తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా ఒకే ధీమాతో చెబుతుంది. తడబడదు, తల గోక్కోదు. మనిషి మాటలో సందేహం ఉంటే ముఖం చూసి పసిగడతాం. దానికి ముఖం లేదు.

హోమ్‌వర్క్ దానిచేత రాయించుకుంటే నోట్‌బుక్ నిండుతుంది, బుర్ర మాత్రం ఖాళీగానే ఉంటుంది. వ్యాసం రాయించేది టీచరు చదువుకోవడానికి కాదు, రాసేటప్పుడు బిడ్డ ఆలోచిస్తాడని. జిమ్‌కు మనిషిని పంపించి మన బదులు బరువులు ఎత్తించుకుంటే కండ ఎవరికి పెరుగుతుంది?

అయినా దాన్ని దాచిపెట్టడం కుదరని పని. అందుకని పెద్ద తరగతుల పిల్లల చేత తిరగేసి వాడించండి. "చిలకలపూడి గురించి రాయి" అని యంత్రాన్ని అడగమనండి. వచ్చిన జవాబు తీసుకుని పాండురంగస్వామి గుడి దగ్గరకో, నగలు చేసే ఇంటికో, తాతగారి దగ్గరకో వెళ్లి ఒక్కో వాక్యం నిజమో కాదో కనుక్కోమనండి. ఎర్రపెన్నుతో దిద్దమనండి. అప్పుడు యంత్రం విద్యార్థి, మీ బిడ్డ టీచరు. ఏ సబ్జెక్టులోనైనా ఇలా చేయవచ్చు.

ఇంట్లో ఏం చేయాలి

చెప్పడం తేలిక, సాయంత్రం ఆరింటికి ఇంట్లో అమలు చేయడం కష్టం. అందుకని చేయగలిగినవి కొన్నే చెబుతాను.

1. పాఠం వీడియో పది నిమిషాలు మించవద్దు. ఆపాక ఫోన్ మీ చేతికి రావాలి. అప్పుడు పుస్తకం చూడకుండా అయిదు వాక్యాలు రాయమనండి. రాయలేకపోతే తిట్టవద్దు. ఏది రాలేదో తెలిసింది కదా, ఆ ముక్క ఒక్కటే మళ్లీ చూడనివ్వండి.

2. ఇంగ్లీషు మీడియం పాఠాన్ని తెలుగులో చెప్పించండి. "నాయనమ్మకు అర్థమయ్యేలా చెప్పు" అనండి. ఘర్షణ అంటే ఏమిటో నాయనమ్మకు చెప్పగలిగితే ఆ పాఠం వచ్చినట్టే. ఇంగ్లీషు నిర్వచనం గడగడా అప్పజెప్పి తెలుగులో నీళ్లు నమిలితే రాలేదనే లెక్క. తల్లిదండ్రులకు ఆ సబ్జెక్టు తెలియకపోయినా ఈ పరీక్ష పెట్టవచ్చు. చదువుకోని నాయనమ్మే దీనికి మంచి ఎగ్జామినరు.

3. మూడు రోజుల తర్వాత అదే పాఠం నుంచి రెండు ప్రశ్నలు అడగండి. అన్నం తినేటప్పుడు అడిగినా చాలు.

4. చదివే గంటలో ఫోన్ ఆ గదిలో ఉండకూడదు. సైలెంటులో పెట్టి బోర్లా తిప్పితే చాలదు. ఒకసారి దృష్టి చెదిరితే మళ్లీ పాఠం మీదికి రావడానికి 20 నిమిషాల దాకా పట్టవచ్చని యునెస్కో 2023 నివేదికలో రాసింది. గంటలో మూడుసార్లు ఫోన్ మోగితే ఆ గంట పోయినట్టే.

5. పసిపిల్లల సంగతి వేరు. రెండేళ్లలోపు బిడ్డకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించవద్దని, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ చూపించి అన్నం తినిపించడం ఒక పూటకు తేలికే. ఆ బిడ్డే ఎల్‌కేజీకి వచ్చి టీచరు చెప్పే కథ రెండు నిమిషాలు వినలేనప్పుడు దాని ఖరీదు తెలుస్తుంది.

6. ఆ గంట మనమూ ఫోన్ పక్కన పెట్టాలి. మీరు సీరియల్ చూస్తూ "చదువుకో" అంటే వాడికి మీ మాట వినపడదు, సీరియల్ వినపడుతుంది. పక్కన కూర్చుని పేపరు చదవండి, ఇంటి లెక్కలు రాసుకోండి, చిక్కుడుకాయలు వలవండి. పిల్లలు మనం చెప్పింది చేయరు, మనం చేసేది చేస్తారు.

మమ్మల్నీ అడగండి

బాధ్యత అంతా ఇంటి మీద వేసి బడి తప్పుకోకూడదు. ఫీజు కట్టే తల్లిదండ్రులుగా మీరు మమ్మల్ని అడగవలసినవి ఉన్నాయి. "ఎన్ని స్మార్ట్ బోర్డులున్నాయి?" అన్న ప్రశ్న కన్నా "బోర్డు మీద చూపించాక పిల్లల చేత ఏం చేయిస్తున్నారు?" అన్న ప్రశ్న మంచిది. డిజిటల్ క్లాసు పీరియడులో పిల్లలు నోట్‌బుక్ తెరిచారా లేదా చూడండి. సైన్సు వీడియో చూపించిన వారంలోనే ల్యాబుకు తీసుకెళ్లారా అని అడగండి.

రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో హోమ్‌వర్క్ వస్తే అడగండి. ఇంట్లో ఒకటే ఫోన్ ఉండి, అది తండ్రితో పాటు డ్యూటీకి వెళ్లిపోయే ఇళ్లు మన బడిలోనూ ఉన్నాయి. ఆ బిడ్డ మర్నాడు క్లాసులో నిలబడవలసిన పరిస్థితి రాకూడదు. హోమ్‌వర్క్ డైరీలో ఉండాలి. ఫోన్‌లో వచ్చేది అదనపు సాయంగానే ఉండాలి.

బిడ్డ పేరు, ఫొటో, మార్కులు ఏ యాప్‌లోకి వెళుతున్నాయో కూడా అడగండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలన్నది సూత్రం. యాప్‌లో "ఒప్పుకుంటున్నాను" అన్న మీట నొక్కేముందు ఒక్క నిమిషం చదవండి. అర్థం కాకపోతే ఆఫీసులో అడగండి. చెప్పడం మా పని.

ఈ నెల ఇంటిపని

పిల్లలకు కాదు, మీకు. ఒక వారం పాటు రోజూ ఒక్క పాఠం, ఒక్క సబ్జెక్టు. వీడియో చూసినా, పుస్తకం చదివినా, పక్కన పెట్టి అయిదు వాక్యాలు రాయించి డైరీ వెనక పేజీలో తేదీ వేయండి. వారం చివర మొదటిరోజు పాఠాన్ని మళ్లీ చూడకుండా చెప్పించి, రెండింటినీ పోల్చి చూడండి. ఆ పేజీని వచ్చే పేరెంట్ మీటింగుకు తీసుకురండి. మార్కుల కాగితం కన్నా ముందు మా టీచర్లు ఆ పేజీ చూస్తారు. బిడ్డకు ఎక్కడ సాయం కావాలో అందులోనే తెలుస్తుంది.